ఓసీటీ ఎవరిది, మన రోగులకు అది ఏం చేసింది?

కడపలో ఆప్టోమెట్రీ చదువుతున్న మీరు మూడు సంగతులు అడిగారు. 2023లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం అందుకున్న డేవిడ్ హువాంగ్ అసలు చేసిన పని ఏమిటి, ఓసీటీని (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ, అంటే కంటి వెనుక తెర అయిన రెటీనాను కాంతితో పొరలు పొరలుగా చూపే స్కాన్) ఆయనొక్కరే కనిపెట్టారనడం సబబేనా, ఆ పని వల్ల మన రాయలసీమ రోగులకు నిజంగా ఒరిగిందేమిటి. నేను ముప్పై ఏళ్లకు పైగా కర్నూలులో కంటి వైద్యం చేస్తున్నాను. అందులో దాదాపు సగం కాలం ఓసీటీ చేతికి అందని కాలం, మిగతా సగం అది లేకుండా మాక్యులా (రెటీనా నడిమి భాగం) గురించి మాట్లాడలేని కాలం. అందువల్ల మూడో ప్రశ్నకే నా దగ్గర ఎక్కువ సమాధానం ఉంది. అయితే ముందరి రెండూ తెలియకపోతే అది సగమే అర్థమవుతుంది.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. 2004 ప్రాంతంలో ఎమ్మిగనూరు నుంచి ఒక నేతపనివారు నా దగ్గరికి వచ్చేవారు. పదేళ్లుగా షుగరు ఉంది. మగ్గం మీద కూర్చుంటే పడుగు పోగులు నడిమధ్యన వంకరగా కనిపిస్తున్నాయని ఆయన ఫిర్యాదు. చుక్కలు వేసి, పాప విప్పారాక, స్లిట్ ల్యాంప్ దగ్గర కూర్చోబెట్టి 90 డయాప్టర్ లెన్సుతో చూశాను. మాక్యులా ఉబ్బినట్టుందని చీటీలో రాసి లేజర్ చేశాను. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి ‘తగ్గింది’ అని రాశాను. ‘పోగు ఇంకా వంకరగానే ఉంది సార్’ అని ఆయన అంటూనే ఉన్నారు. చివరికి వాళ్ల అబ్బాయి హైదరాబాదు తీసుకుపోయి ఓసీటీ తీయించాడు. ఆ కాగితం చూడగానే నాకు చెమట పట్టింది. వాపు తగ్గకపోవడం ఒక్కటే కాదు, రెటీనా పైన సన్నని పొర ఒకటి పెరిగి దాన్ని ముడతలు పడేలా లాగుతోంది. పైనుంచి లాగుతున్న పొరను లేజర్ ఏం చేస్తుంది? ఆయనకు కావలసింది విట్రెక్టమీ (కంట్లోని జెల్లీని తీసి ఆ పొరను ఒలిచే ఆపరేషన్), నేను చేసింది మరొకటి. నా కన్ను ఆ పొరను చూడలేదనడం కంటే, ఎదురుగా చూసే ఏ కంటికైనా లోతు సరిగా తెలియదనడమే నిజం.

ఇబ్బంది మొత్తం అక్కడే ఉండేది. 1851లో హెల్మ్‌హోల్ట్స్ కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపును లోకానికి అందించినప్పటి నుంచి రెటీనాను మనం ఎదురుగానే చూస్తూ వచ్చాం. రెటీనాను ఫొటో తీసే ఫండస్ కెమెరా వచ్చినా అంతే. 1961లో ఇండియానాలో నొవాట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఫ్లోరెసిన్ రంగును నరంలోకి ఎక్కించి రక్తనాళాల ఫొటోలు తీసే పద్ధతి తెచ్చినా అంతే. పైనుంచి చూస్తే నేల కనిపిస్తుంది గాని, ఎన్ని అడుగుల్లో నీళ్లున్నాయో కనిపించదు. బోరు వేసేవాళ్లున్న మన సీమలో ఈ మాటను విడమరచనక్కరలేదు.

రెటీనా నడుమ మందం సుమారు పావు మిల్లీమీటరు. అందులో పది దాకా పొరలు ఉంటాయి. అల్ట్రాసౌండ్ బి-స్కాన్‌తో వాటిని విడదీయలేం, దానికి అంత సూక్ష్మత లేదు. శబ్దానికి బదులు కాంతిని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని లెక్కగట్టవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కల్లా కాంతి వేగం. పది మైక్రాన్ల దూరాన్ని కాంతి దాదాపు 33 ఫెమ్టోసెకన్లలో దాటేస్తుంది. సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది కోట్ల ముక్కలు చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. అంత చిన్న వ్యవధిని నేరుగా పట్టుకోగల ఎలక్ట్రానిక్ గడియారం లేదు.

హువాంగ్ కథ ఇక్కడ మొదలవుతుంది. 1980ల చివర ఆయన హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపే కార్యక్రమంలో వైద్యమూ ఇంజనీరింగూ కలిపి చదువుతున్న విద్యార్థి. ఎంఐటీలో జేమ్స్ ఫుజిమోటో అతి స్వల్ప కాలపు లేజర్ స్పందనల మీద పనిచేసే ప్రయోగశాల నడుపుతున్నారు. కంటి పొరల మందాన్ని కాంతితో కొలవడం అక్కడ హువాంగ్‌కు అందిన పని. ఫెమ్టోసెకను లేజర్లు ఖరీదైనవి, పెద్దవి, చెప్పినట్టు వినవు. ఫైబర్ ఆప్టిక్ తీగలలో ఎక్కడ లోపముందో వెతకడానికి ఇంజనీర్లు వాడుతున్న మరో ఉపాయం వైపు హువాంగ్ మొగ్గు చూపారు. దాని పేరు లో-కోహెరెన్స్ ఇంటర్‌ఫెరోమెట్రీ.

ఉపాయం వినడానికి తేలికే. ఒక కాంతిపుంజాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి కంట్లోకి, మరొకటి అద్దం మీదికి వెళుతుంది. తిరిగొచ్చిన రెండింటినీ మళ్లీ కలుపుతారు. వాడిన కాంతి ఒకే రంగుది కాకుండా అనేక తరంగదైర్ఘ్యాల మిశ్రమమైతే, రెండు దారుల పొడవు దాదాపు సమానమైనప్పుడు మాత్రమే అవి ఒకదానితో ఒకటి జతకట్టి వ్యతికరణ సంకేతం ఇస్తాయి. తేడా కొన్ని మైక్రాన్లు దాటితే సంకేతం మాయమవుతుంది. కనుక అద్దాన్ని ఎంత జరిపితే సంకేతం వచ్చిందో, కంట్లో ఆ కాంతి అంత లోతు నుంచే తిరిగివచ్చిందన్నమాట. కాలాన్ని కొలవలేని చోట దూరాన్ని కొలిచారు. ఇలా ఒక బిందువు దగ్గర తీసిన లోతు గీతను ఏ-స్కాన్ అంటాం. పక్కపక్కన ఏ-స్కాన్లు పేర్చితే రొట్టెను చాకుతో కోసి పక్కనుంచి చూసినట్టు, పొరలు పొరలుగా రెటీనా కనిపిస్తుంది.

ఏ-స్కాన్ ఆలోచన హువాంగ్‌ది మాత్రమే కాదు, ఈ మాట నొక్కి చెప్పాలి. వియన్నాలో అడాల్ఫ్ ఫెర్షర్, క్రిస్టోఫ్ హిట్సెన్‌బెర్గర్ అంతకుముందే ఇదే సూత్రంతో బతికి ఉన్న మనిషి కంటి పొడవును కొలుస్తున్నారు. జపాన్‌లోని యమగాటాలో నవోహిరో టానో కూడా అదే దారిలో ఉన్నారు. హువాంగ్, ఫుజిమోటోల బోస్టన్ బృందం చేసిన కొత్త పని గీతల నుంచి చిత్రానికి వెళ్లడం. అందుకు ఎరిక్ స్వాన్సన్ కావలసి వచ్చారు. ఆయన ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో ఉపగ్రహాల మధ్య లేజర్‌తో సమాచారం పంపే వ్యవస్థల మీద పనిచేస్తున్న ఇంజనీరు. ఫైబర్లతో, వేగంగా, నమ్మకంగా నడిచే యంత్రాన్ని కూర్చగల చెయ్యి ఆయనది. కంటి వైద్యం వైపు నుంచి కార్మెన్ పులియాఫిటో, జోయెల్ షూమన్ ఉన్నారు. 1991 నవంబరు 22న సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసానికి మొదటి రచయిత హువాంగ్, చివరి రచయిత ఫుజిమోటో. ఆ వ్యాసంలోని చిత్రాలు బతికున్న మనిషివి కావు. శరీరం నుంచి వేరుచేసిన రెటీనా ఒకటి, గుండె ధమని ముక్క ఒకటి. సూక్ష్మత సుమారు 15 మైక్రాన్లు. బతికున్న కంటి రెటీనా చిత్రాలు 1993లో వచ్చాయి.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా సమాధానం ఇది. హువాంగ్ ఒక్కరే కనిపెట్టారనడం తప్పు, ఆయన కేవలం చేయి వేసిన విద్యార్థి అనడం అంతకంటే తప్పు. 2017లో ఇంజనీరింగ్‌కు ఇచ్చే రస్ బహుమతిని ఫెర్షర్, హిట్సెన్‌బెర్గర్‌లతో కలిపి అయిదుగురికి ఇచ్చారు. 2023 లాస్కర్ మాత్రం ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్ ముగ్గురికే దక్కింది. న్యాయంగా చూస్తే నాకు రస్ జాబితాయే నచ్చుతుంది.

1996లో జైస్ సంస్థ తెచ్చిన మొదటి యంత్రాన్ని కొన్నవాళ్లు తక్కువ. కొత్త సమాచారం ఇస్తున్నప్పటికీ, దాన్ని చూసి చికిత్సలో ఏం మార్చాలో అప్పటికి ఎవరికీ తెలియదు. మాక్యులర్ హోల్ (మాక్యులాలో పడే రంధ్రం) విషయంలో మాత్రం విలువ వెంటనే తేలింది. డోనాల్డ్ గాస్ అనే మహా వైద్యుడు 1988లో, స్లిట్ ల్యాంప్ ఒక్కటే ఆధారంగా, ఆ రంధ్రం ఏ దశలలో ఏర్పడుతుందో ఊహించి చెప్పారు. పది మైక్రాన్లలో జరిగేదాన్ని కళ్లతో చూసి దశలుగా విభజించడం మామూలు చూపు కాదు. ఓసీటీ వచ్చాక ఆయన దశలు చాలావరకు నిలిచాయి. మారింది కారణం: విట్రియస్ (కంట్లో నిండి ఉండే జెల్లీ) పక్కకు సాగదీయడం వల్ల రంధ్రం పడుతుందని ఆయన అనుకున్నారు, అది ఫోవియాకు (మాక్యులా నడి బిందువుకు) అతుక్కుని ముందుకు లాగడం వల్ల పడుతుందని ఓసీటీ చూపించింది. ఇప్పటి విద్యార్థులు గాస్ దశలను బట్టీ పడతారు గాని, యంత్రం లేకుండా ఆయన ఎంత దూరం వెళ్లారో గమనించరు.

2002లో వచ్చిన స్ట్రాటస్ యంత్రం సెకనుకు 400 ఏ-స్కాన్లు తీసేది. ఆ తర్వాతి మలుపు అద్దాన్ని కదపడం మానేయడం. తిరిగొచ్చిన కాంతిని స్పెక్ట్రోమీటరుతో రంగులుగా విడదీసి, ఫూరియర్ గణితంతో అన్ని లోతులనూ ఒకేసారి రాబట్టవచ్చు. దీనికి సైద్ధాంతిక పునాది ఫెర్షర్ బృందానిదే. మనిషి రెటీనాను ఈ పద్ధతిలో 2002లో చిత్రించింది పోలండ్‌లోని టోరున్ నగరంలో మాచేయ్ వోయ్‌ట్కోవ్‌స్కీ బృందం. 2006 నుంచి అమ్మకానికి వచ్చిన ఆ తరం యంత్రాలు సెకనుకు ఇరవై వేలకు పైగా గీతలు తీశాయి, సూక్ష్మత అయిదు మైక్రాన్ల దరిదాపులకు చేరింది.

అదే సమయంలో మందు కూడా వచ్చింది, లేకుంటే ఓసీటీ ఇంత దూరం వ్యాపించేది కాదని నా అభిప్రాయం. 2005లో మయామీలో ఫిలిప్ రోసెన్‌ఫెల్డ్ పెద్దపేగు క్యాన్సరుకు వాడే బెవాసిజుమాబ్‌ను వయసుతో మాక్యులా దెబ్బతిన్న రోగి కంట్లోకి సూదితో ఎక్కించి, వారంలోపే రెటీనా కింది నీరు ఇంకిపోవడాన్ని ఓసీటీలో చూపించారు. ఆ వ్యాసం రచయితలలో కార్మెన్ పులియాఫిటో పేరు కూడా ఉంది, 1991 నాటి ఆ పులియాఫిటోయే. యంత్రం ఒక చేత, మందు ఒక చేత ఒకే గదిలో కలిసినట్టయింది. ఆ తర్వాత ‘నీరు ఉంటే సూది వేయి, లేకుంటే ఆగు’ అనే పద్ధతి లోకమంతా అల్లుకుంది. మన దగ్గర ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, కదిరి నుంచి బస్సెక్కి వచ్చే కుటుంబాలకు ఈ మాట విలువ బాగా తెలుసు. ఒక్కో సూది అంటే మందు ఖర్చుతో పాటు ఒక రోజు కూలీ, తోడొచ్చినవారి కూలీ, దారి ఖర్చులు. నెలనెలా లెక్కగా వేయడానికీ, నీరు ఇంకిందని కళ్లారా చూసి ఒక సూది వాయిదా వేయడానికీ ఏడాదిలో తేలే తేడా చిన్నది కాదు.

అయితే ఓసీటీలో నీరు కనిపించిన ప్రతి కంటికీ సూది అక్కరలేదు. దీన్ని మన ప్రాంతంలో చాలామంది పట్టించుకోవడం లేదన్నది నా బాధ. 2019లో అమెరికాలో షుగరు కంటిజబ్బుల మీద పనిచేసే డీఆర్‌సీఆర్ పరిశోధక బృందం ప్రోటోకాల్ వి అనే అధ్యయన ఫలితాలను ప్రచురించింది. షుగరు వల్ల మాక్యులా నడుమ వాపు ఉన్నా చూపు 20/25 లేదా అంతకంటే మెరుగ్గా ఉన్న కళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే అఫ్లిబర్సెప్ట్ (బెవాసిజుమాబ్ తరహా మందు) సూది, మరొక గుంపుకు లేజర్, మూడో గుంపును కేవలం గమనించడం; ఈ చివరి రెండు గుంపులకూ చూపు తగ్గితేనే సూది. రెండేళ్ల తర్వాత చూపు గణనీయంగా కోల్పోయినవారి నిష్పత్తిలో ఈ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే బాగా చదవగలుగుతున్న మనిషికి, కాగితంలో వాపును చూపే ఎర్ర రంగు కనిపించిందని అదే రోజు సూది వేయాల్సిన తొందర లేదు. ఓసీటీ తీయించడం తప్పు కాదు, చూపు పట్టికను పక్కనపెట్టి ఓసీటీకి మందు వేయడం తప్పు.

హువాంగ్ తర్వాతి పని గురించి కూడా చెప్పాలి. చాలామందికి తెలియని విశేషం ఏమిటంటే ఆయన రెటీనా వైద్యుడు కారు, కార్నియా వైద్యుడు. 2010 నుంచి ఒరెగాన్‌లోని కేసీ కంటి సంస్థలో పనిచేస్తూ, యాలి జియాతో కలిసి 2012లో ఓసీటీ ఆంజియోగ్రఫీకి ఒక గణనా పద్ధతి ప్రచురించారు. ఒకే చోటును వెంటవెంటనే పలుమార్లు స్కాన్ చేస్తే కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాలు కదులుతున్న చోట సంకేతం మారుతూ ఉంటుంది. ఆ మార్పును మాత్రమే ఏరితే రంగు ఎక్కించకుండానే కేశనాళికల జాలం చిత్రంగా వస్తుంది. రోగి కన్ను, ముఖ్యంగా ముందువెనుకలుగా, కొద్దిగా కదిలినా సంకేతం చెడుతుంది. దాన్ని తగ్గించడానికి వర్ణపటాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో విడివిడిగా మార్పును లెక్కగట్టి, చివరలో కలిపారు. ఫ్లోరెసిన్ ఎక్కించినప్పుడు కొందరికి వాంతి వస్తుంది, అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కూడా వస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న షుగరు రోగులు ఎక్కువగా వచ్చే మాబోటి వాళ్లకు, రంగు లేకుండా నాళాలను చూడగలగడం పెద్ద ఊరట. కానీ ఈ చిత్రంలో లీకేజీ కనిపించదు. నాళం ఎక్కడ కారుతోందో కావాలంటే ఇప్పటికీ ఫ్లోరెసిన్ దగ్గరికే వెళ్లాలి.

ఇక రోజూ మీ చేతిలోకి వచ్చే కాగితం సంగతి. మొదటిది, మాక్యులా నడుమ మందం అంకె ఒక యంత్రానికీ మరొక యంత్రానికీ సరిపోలదు. స్ట్రాటస్‌లో మామూలు మందం దాదాపు 200 మైక్రాన్ల చుట్టూ ఉంటే, సిర్రస్‌లో 255 దరిదాపుల్లోనూ, స్పెక్ట్రాలిస్‌లో 270 దరిదాపుల్లోనూ ఉంటుంది. రెటీనా కింది అంచును ఒక్కో యంత్రం ఒక్కోచోట గీస్తుంది కనుక ఇది జరుగుతుంది. కడపలో ఒక యంత్రం మీద 240 వచ్చి, నెల తర్వాత బెంగళూరులో వేరే యంత్రం మీద 265 వచ్చిన రోగి వాపు పెరిగిందని బెంబేలెత్తిపోయి నా దగ్గరికి వచ్చారు. వాపు అసలు లేదు. అంకె పక్కన యంత్రం పేరు రాయని నివేదికను నేను సగం నివేదికగానే లెక్కిస్తాను.

రెండోది, మన ఊళ్లలో శుక్లం బాగా ముదిరాక గాని ఆసుపత్రికి రాని పెద్దవాళ్లు ఇంకా ఎక్కువే. శుక్లం కాంతిని అడ్డగిస్తుంది, ఏ-స్కాన్ బలహీనపడుతుంది, యంత్రం పొరల అంచును తప్పుగా గీస్తుంది. సిర్రస్‌లో సంకేత బలం 10కి 6 కంటే తక్కువైతే ఆ అంకెలను నమ్మవద్దు. చిత్రాన్ని మాత్రం కళ్లతో చూడండి, గీత పొర మీద ఉందో పక్కకు జారిందో మీకే తెలుస్తుంది. నీటికాసులకు (గ్లాకోమాకు) తీసే నరాల పొర స్కాన్‌లో కూడా ఇటువంటి బాధే ఉంది. మైనస్ పవర్ ఎక్కువున్న యువకుడికి ఆ పొర చాప మీద మడత కాస్త పక్కకు జరిగినట్టు వేరేచోట మందంగా ఉంటుంది, యంత్రం తన జాబితాతో పోల్చి ఎర్ర రంగు వేస్తుంది. జబ్బు లేదు, రంగు ఉంది. ఆ ఎరుపు చూసి ఏళ్ల తరబడి చుక్కలు వేసుకున్నవాళ్లను నేను చూశాను.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మామూలు మాక్యులా స్కాన్ ఆరు మిల్లీమీటర్ల పెట్టె. రెటీనా అంచున చిరుగు ఉన్నా, షుగరు వల్ల కొత్త నాళాలు మొలిచి రక్తం కారడానికి సిద్ధంగా ఉన్నా ఆ పెట్టెలోకి రావు. ఓసీటీ మామూలుగా ఉందని చీటీ చేతపట్టుకొని వెళ్లి, నెలలోపు విట్రియస్‌లో రక్తస్రావంతో తిరిగివచ్చిన అనంతపురం రోగి ఒకరిని నేను మరచిపోలేదు. ఆయనకు మొదటిసారి పరీక్షలో పాప విప్పే చుక్కలు వేయలేదు, యంత్రం ఉంది కదా అనుకున్నారు. షుగరు రోగి ఎవరికైనా చుక్కలు వేసి ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపుతో అంచుల దాకా చూడటం ఓసీటీ వల్ల తప్పిపోదు.

మీరు రేపు మొదటిసారి ఓసీటీ తీయడానికి కూర్చున్నప్పుడు ఇలా చేయండి. స్కాన్‌కు ముందే చూపు పరీక్షించి, ఆ అంకెను అదే కాగితం మీద రాయండి. ఆమ్‌స్లర్ గళ్ల కాగితం చేతికిచ్చి ఏ గీత వంకరగా ఉందో రోగినే గుర్తు పెట్టమనండి. మా నేతపనివారు చెప్పినట్టు, వంకర ఎక్కడుందో వాళ్లకు మనకంటే ముందే తెలుస్తుంది. ఆ తర్వాతే రోగిని యంత్రం ముందు కూర్చోబెట్టండి. ఎన్ని గీతలు వీలైతే అన్నీ తీసి, రంగుల పటం ఒక్కటే కాకుండా ఫోవియా గుండా వెళ్లే అసలు అడ్డకోత చిత్రాన్ని కూడా ముద్రించి వైద్యుడికి ఇవ్వండి. నేను 2004లో చూడలేకపోయిన ఆ పొర రంగుల పటంలో కనిపించదు, ఆ కోతలోనే కనిపిస్తుంది.